వయసు పెరిగితే రాజకీయ నమ్మకాలు మారతాయా, అవసరాలు మారతాయా?

గోదారిగట్టు:
మా మేనమామ 1972లో రాజమండ్రిలో డిగ్రీ చదువుతూ జై ఆంధ్ర ఉద్యమంలో తిరిగారు. రైళ్ళు ఆపారు, లాఠీ దెబ్బలు తిన్నారు. ఎడమ మోచేతి మీద మచ్చ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చూపిస్తారు. తెలంగాణతో కలిసి ఉండేది లేదు, మా రాష్ట్రం మాకిచ్చేయండి అన్నది అప్పటి పట్టు. అదే మనిషి 2013లో, అదే ఊళ్ళో, సమైక్యాంధ్ర రిలే దీక్షలో మెడలో దండ వేసుకుని కూర్చున్నారు. రాష్ట్రాన్ని ముక్కలు చేస్తే ఊరుకునేది లేదన్నారు. మొన్న పెళ్ళిలో కలిసినప్పుడు ఇదేమిటి మామయ్యా అని అడిగితే, "అప్పుడు కుర్రతనం రా. వయసొస్తే గానీ బుర్ర పనిచేయదు" అని తేల్చేశారు.

నాకు అది మింగుడుపడలేదు. రెండుసార్లూ ఆయనకి ఒకేలాంటి ఖాయం, ఒకేలాంటి కోపం. ఇరవైలో ఒకటి, అరవైలో ఇంకొకటి అంటే దాన్ని జ్ఞానం అనాలా, ఇంకేమన్నా అనాలా? ఇక్కడ అన్ని వయసుల వాళ్ళూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఇప్పటి పార్టీల జోలికి మాత్రం వెళ్ళకండి, మోడరేటర్ గారు చర్చ మూసేస్తారు.

పాలమూరోడు:
మీ మామయ్య మీద గౌరవంతోనే చెప్తున్నా. ఆయన బుర్ర 1972లోనూ మంచిగనే పనిచేసింది, 2013లోనూ పనిచేసింది. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు (సర్కారు కొలువులు స్థానికులకే అనే పాత హైదరాబాదు నియమాలు) చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అంటే హైదరాబాదులో సర్కారు కొలువు కోస్తా పిల్లగాళ్ళకు కష్టమే. డిగ్రీ చదివే కుర్రాడు ఏమంటాడు? రాజధానిలో మాకు కొలువే లేనప్పుడు ఈ కలిసుండుడు ఎందుకు అంటాడు. ఆయన జాగాలో నేనున్నా అదే అంటా. 2013 నాటికి అదే హైదరాబాదులో ఐటీ కంపెనీలు, పెద్దాస్పత్రులు, కూకట్‌పల్లిలో ఫ్లాటు. అప్పుడు విడిపోవుడు నష్టం. హైదరాబాదు మాకు అందుతదా లేదా అన్నదే రెండుసార్లూ లెక్క. జవాబు మారింది గానీ లెక్క మారలేదు.

మా నాయన సంగతి చెప్తా. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నాటికి పీయూసీ. చదువు ఒక ఏడాది పోయింది. 2014 జూన్ 2న కూడా అదే మాట మీద ఉన్నడు, పటాకులు కాల్చిండు. మారింది నాయకుల మీద నమ్మకం ఒక్కటే. 1971లో తెలంగాణ ప్రజా సమితికి 14 ఎంపీ సీట్లలో 10 గెలిపించి ఇస్తే, తీసుకపోయి కాంగ్రెస్‌లో కలిపేసిండ్రు. అప్పటి నుంచి ఏ నాయకుని ఫొటోకూ మా ఇంట్లో మేకు కొట్టనియ్యలేదు. క్యాలెండర్ మీద బొమ్మ ఉంటే చింపి, తారీకులు ఉంచుకుంటడు.

గోదారిగట్టు:
కూకట్‌పల్లిలో ఫ్లాటు లేదండి బాబూ. కూతురు మియాపూర్‌లో ఉంది.

పాలమూరోడు:
రెండు మెట్రో స్టేషన్లు అటూ ఇటూ. నడుస్తది.

అల్లంపెసరట్టు:
నా రాజకీయ నమ్మకాలు వయసుతో మారలేదు. పెళ్ళితో మారాయి. మామగారిది వేరే పార్టీ.

రిటైర్డ్_హెడ్మాస్టర్:
పాలమూరోడు గారూ, మీ లెక్క బాగుంది గానీ అన్నిటికీ అదే తాళంచెవి అంటే నేను ఒప్పుకోను. అవసరం ఒక్కటే మనిషిని నడిపితే ఇక ఆలోచనకి చోటెక్కడ?

ముందుగా ఒకటి విడదీసుకుందాం. పార్టీ మారడం వేరు, నమ్మకం మారడం వేరు. మా గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టిన ఆచార్య రంగా గారిని తీసుకోండి. కాంగ్రెస్‌లో ఉండి రైతు ఉద్యమాలు నడిపారు. 1951లో బయటికొచ్చి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1955 ఎన్నికల నాటికి మళ్ళీ కాంగ్రెస్ గూటికి వచ్చారు. 1959లో నాగపూర్ కాంగ్రెస్ సహకార వ్యవసాయం అనగానే మళ్ళీ బయటికెళ్ళి రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి అధ్యక్షుడయ్యారు. చివరికి 1980లలో గుంటూరు నుంచి కాంగ్రెస్ ఎంపీ. పైకి చూస్తే గోడ మీద పిల్లి. కానీ రైతు చేతిలో భూమి ఉండాలి, దాన్ని సర్కారూ తీసుకోకూడదు, జమీందారూ తీసుకోకూడదు అన్నదాంట్లో ఆయన ఇరవై ఏళ్ళప్పుడూ ఎనభై ఏళ్ళప్పుడూ అక్కడే ఉన్నారు.

నమ్మకమే మారిన వాళ్ళు కావాలంటే త్రిపురనేని గోపీచంద్ ఉన్నారు. హేతువాది రామస్వామి చౌదరి గారి కొడుకు. తండ్రి దగ్గర నేర్చుకున్న హేతువాదం, ఆ తరువాత మార్క్సిజం, దాన్నుంచి ఎం.ఎన్. రాయ్ నవ్య మానవవాదం, చివరికి అరవిందుల తత్వం. ఒక్కో మెట్టుకీ ఎందుకు ఎక్కారో, ఎందుకు దిగారో రాసుకుంటూ వచ్చారు. ఆయనకి ఏ ఫ్లాటూ అడ్డం రాలేదు.

నిశాచరి:
హెడ్మాస్టర్ గారూ, గోపీచంద్ 52 ఏళ్ళకే పోయారు కదా (1910–1962). ఈ మార్పులన్నీ ఆ లోపలే అయిపోయాయి. అది వయసు పెద్దరికం ఎలా అవుతుంది?

ఇంకోటి. ఇరవైలో సోషలిస్టు కాకపోతే మనసు లేనట్టు, నలభైలో కూడా సోషలిస్టుగా ఉంటే మెదడు లేనట్టు అని ఒక కొటేషన్ మా ఫ్యామిలీ గ్రూపులో నెలకోసారి వస్తుంది, కింద చర్చిల్ ఫొటోతో. ఆయన అన్నట్టు ఎక్కడా దాఖలా లేదు. అసలు ఆయన జీవితమే దానికి రివర్సు. పాతికేళ్ళకి కన్సర్వేటివ్‌గా పార్లమెంటుకి వెళ్ళి, 29 ఏళ్ళకి లిబరల్ పార్టీలోకి దూకి, యాభై దగ్గర పడ్డాక తిరిగి కన్సర్వేటివ్‌లలోకి వచ్చాడు. ఆ ఫొటో పంపే అంకుల్స్ ఇది చదవరు.

నాకు 27. పెద్దవాళ్ళ జ్ఞానం గురించి నాకున్న డౌటు చెప్తాను. మా ఇంట్లో కులాల గురించి చాలా ఉదారంగా మాట్లాడే పెద్దాయన ఒకరున్నారు. సభల్లో మాట్లాడతారు కూడా. మ్యాట్రిమోనీ ప్రొఫైల్ నింపేటప్పుడు 'కులం పట్టింపు లేదు' అనే గడిలో టిక్కు పెట్టి, ఫోన్ వస్తే మాత్రం రెండో ప్రశ్నగా "మీరేవిట్లు?" అని అడుగుతారు. మొదటి ప్రశ్న జీతం. ముప్పై ఏళ్ళ ఆలోచన ఆ గడి దాకా వచ్చి ఆగింది.

అల్లంపెసరట్టు:
"మీరేవిట్లు" దగ్గర టీ పొలమారింది.

డేటాబాబు:
కొంచెం పరిశోధన సంగతి. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో బెన్నింగ్టన్ అనే మహిళా కాలేజీ. 1930లలో థియొడోర్ న్యూకోంబ్ అనే సామాజిక మనస్తత్వవేత్త అక్కడ పాఠం చెబుతూ విద్యార్థినుల అభిప్రాయాలు సేకరించాడు. ఎక్కువ మంది డబ్బున్న రిపబ్లికన్ కుటుంబాల పిల్లలు. కాలేజీలో ఉన్న నాలుగేళ్ళలో చాలామంది రూజ్‌వెల్ట్ వైపు, ఇంకా ఎడమ వైపు జరిగారు. అసలు కథ ఆ తరువాతది. వాళ్ళనే 1960 ప్రాంతంలో మళ్ళీ అడిగారు, 1984లో ఇంకోసారి అడిగారు. అప్పటికి వాళ్ళు డెబ్బైలకు చేరువలో ఉన్న అమ్మమ్మలు. చాలామంది కాలేజీలో ఎక్కడ కుదురుకున్నారో అక్కడే ఉన్నారు.

అంటే ఎక్కువ కదలిక 18 నుంచి 25 మధ్య. తరువాత గట్టిపడిపోతుంది. పెళ్ళిళ్ళు, స్నేహాలు, చదివే పేపరు కూడా ఆ అభిప్రాయానికి తగ్గట్టే ఏరుకుంటాం కాబట్టి కదిలించే చెయ్యి ఉండదు. గోదారిగట్టు గారి మామయ్య లాంటి వాళ్ళే అరుదు.

పాలమూరోడు:
డేటాబాబు అన్నా, అమెరికా అమ్మమ్మలు అక్కడే ఉండవచ్చు. మన దగ్గర ఒక ప్రాంతం ప్రాంతమే నలభై ఏళ్ళల్లో అటునుంచి ఇటు తిరిగింది కదా. ఒక్క మామయ్య సంగతి కాదు. 1972లో వేరే రాష్ట్రం కావాలన్న జిల్లాలే 2013 ఆగస్టు నుంచి రెండు నెలలు ఆఫీసులు బంద్ పెట్టి సమైక్యం అన్నయి. లక్షల మందికి ఒకేసారి జ్ఞానోదయం అయితదా?

రిటైర్డ్_హెడ్మాస్టర్:
లక్షల మంది అని ఊరికే కలిపేయకండి. 1972లో కోస్తాలో కూడా ప్రత్యేక రాష్ట్రం వద్దన్న కమ్యూనిస్టులు ఉన్నారు, వాళ్ళు ఉద్యమకారుల చేతిలో తిట్లూ దెబ్బలూ తిన్నారు. 2013లో కూడా విడిపోతేనే మంచిదన్న ఆంధ్రులు ఉన్నారు, వాళ్ళు నోరు విప్పలేదు అంతే. జనం తిరిగారని మనం అనుకునేది చాలాసార్లు మైకు చేతులు మారడమే. ఇంకోటి, జై ఆంధ్ర వెనక ముల్కీ ఒక్కటే లేదు. పీవీ గారి భూసంస్కరణల చట్టం అంటే గుబులు పడ్డ పెద్ద రైతులు డబ్బు పెట్టారని అప్పట్లోనే అనుకునేవారు.

అబిడ్స్_ఇరానీ:
పీవీ పేరు వచ్చింది కాబట్టి. ఈ చర్చకి ఆయనకంటే మంచి కేసు ఎవరున్నారు? 1972లో ముఖ్యమంత్రిగా భూపరిమితి చట్టం పట్టుకుని కుర్చీ పోగొట్టుకున్నారు. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన. అప్పటికి 51 ఏళ్ళు. 1991లో ప్రధాని అయ్యేటప్పటికి 70 నిండబోతున్నాయి. అదే మనిషి లైసెన్సు రాజ్‌ని విప్పేశారు. భూమి పంచినాయన మార్కెట్ తెరిచారు. ఇది వయసు తెచ్చిన జ్ఞానం కాకపోతే ఏంటి?

లైబకెట్:
అది ఖజానా తెచ్చిన జ్ఞానం. 1991 జూన్‌లో విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు మించి లేదు. జూలైలో టన్నుల కొద్దీ బంగారం ఇంగ్లండుకి పంపి తాకట్టు పెట్టారు. ఆ పరిస్థితిలో 40 ఏళ్ళ ప్రధాని ఉన్నా చేయక తప్పదు.

అబిడ్స్_ఇరానీ:
తప్పనిసరి అయితే అప్పు తీరాక వెనక్కి వెళ్ళిపోవచ్చుగా? వెళ్ళలేదు. అంటే లోపల కూడా ఏదో మారింది.

లైబకెట్:
లేదా వెనక్కి వెళ్ళే దారి మిగల్లేదు. సరే, ఇది తెగదు గానీ నా సొంత సంగతి చెప్తాను, ఎందుకంటే ఈ ప్రశ్న నాకు రోజూ ఎదురవుతుంది.

ఎనభైలలో మేం విద్యార్థి సంఘంలో ఉండేవాళ్ళం. నా పేరు ఎక్కడిదో అర్థమయ్యే ఉంటుంది. రాత్రి మైదాపిండి లై కాచుకుని, బకెట్ సైకిల్ హ్యాండిల్‌కి తగిలించి, గోడలకి పోస్టర్లు వేసేవాళ్ళం. చలికాలంలో లై తొందరగా గడ్డ కట్టేది. మళ్ళీ టీ కొట్టతన్ని బతిమాలి వేడి చేయించుకునేవాళ్ళం. ఇప్పుడు విజయవాడలో చిన్న కుట్టు యూనిట్ నడుపుతున్నాను. స్కూలు యూనిఫామ్‌లు, నైటీలు.

ఒక దసరాకి మా అమ్మాయిలందరూ కటింగ్ టేబుల్ చుట్టూ నిలబడి బోనస్ అడిగారు. కత్తెరలు కింద పెట్టేశారు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "స్కూలు వాళ్ళ పేమెంట్ రాలేదమ్మా" అని. ఆ మాట అచ్చంగా ఆ రోజుల్లో మేం గేటు దగ్గర ధర్నా చేస్తే మిల్లు మేనేజర్లు చెప్పిన మాట. అప్పుడు మేం పగలబడి నవ్వేవాళ్ళం. ఇక్కడ తేడా ఏంటంటే నాకు నిజంగానే రాలేదు. బిల్లు పెట్టి మూడు నెలలు, జీఎస్టీ మాత్రం జేబులోంచి కట్టేశాను. సగం దసరాకి, సగం దీపావళికి ఇచ్చాను. ఒకమ్మాయి నోట్‌బుక్‌లో రాయించుకుని సంతకం పెట్టించుకుంది. ఆ సంతకం నాకు నచ్చింది, నేనైనా అదే చేసేదాన్ని.

బోనస్ కార్మికుల హక్కు. అది అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. మేనేజర్ చెప్పేది మాత్రం ఇప్పుడు పూర్తిగా విని, బిల్లు పుస్తకం చూపించమంటాను. ఇది నాకు యాభై దాటినందువల్ల రాలేదు. ముప్పైలో యూనిట్ పెట్టి ఉంటే ముప్పైలోనే వచ్చేది. మాతో లై మోసిన ఒకాయన ఇప్పుడు గవర్నమెంటు పెన్షన్ తీసుకుంటున్నారు, నాకంటే పెద్దాయన. ఆయన దృష్టిలో నేను దోపిడీదారుని. ఫోన్ చేసి మరీ చెప్తారు.

నిశాచరి:
లైబకెట్ గారూ, ఈ చర్చలో నాకు నచ్చిన మొదటి పోస్టు. సంతకం పెట్టించుకున్న అమ్మాయికి నా తరఫున హాయ్ చెప్పండి.

గుంటూరు_ఘాటు:
పెద్దయ్యాక చల్లబడతారు అనే మాటకి నేనూ వ్యతిరేకం. జయప్రకాశ్ నారాయణ్‌ని చూడండి. అమెరికాలో చదువుతూ మార్క్సిస్టు అయ్యాడు, 1934లో కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ పెట్టాడు, యాభై దాటాక సర్వోదయ, భూదానం అని రాజకీయాలే వదిలేశాడు. కథ అక్కడ ఆగితే అందరూ చెప్పే కథే. కానీ 1974 జూన్‌లో పాట్నా గాంధీ మైదానంలో సంపూర్ణ విప్లవం అన్నప్పుడు ఆయనకి 71 ఏళ్ళు. ఏడాది దాటిన కొద్దిరోజులకే జైల్లో ఉన్నాడు. వేడి తగ్గి మళ్ళీ పెరిగింది.

ఇక కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారు. కుర్రతనంలోనే పేరు చివర రెడ్డి తీసేశారు, వాటాగా వచ్చిన భూమి పంచేశారు, పిల్లలు వద్దనుకున్నారు, సైకిల్ మీద అసెంబ్లీకి వెళ్ళారు. 1985లో పోయేదాకా అదే మనిషి. ఆయన ఎదగలేదు అందామా?

డేటాబాబు:
సుందరయ్య గారు కూడా 1970లలో తన పార్టీ పంథాతోనే విభేదించి ప్రధాన కార్యదర్శి పదవి వదిలేశారు. పైనుంచి చూస్తే కదల్లేదు, లోపల చాలా తర్జనభర్జన.

రిటైర్డ్_హెడ్మాస్టర్:
నిశాచరి గారి ప్రశ్నకి జవాబు బాకీ ఉన్నాను. వయసు మీద పడ్డాక, సొంత లాభం ఏమీ లేకుండా, కులం మీదే అభిప్రాయం మార్చుకున్న మనిషి కావాలంటే గాంధీ గారు. 1920ల మొదట్లో కులాంతర భోజనాలు, వివాహాలు హిందూధర్మం ప్రోత్సహించదని రాశారు. ఆ కట్టుబాటు ఆత్మనిగ్రహానికి మంచిదన్నారు. 1933లో హరిజన్ పత్రికలో తన పద్ధతి చెప్పేశారు: నా రెండు రాతలకి పొంతన కుదరకపోతే తరువాత రాసినదాన్నే తీసుకోండి అని. చివరి రోజులకు వచ్చేసరికి ఒక పక్షం హరిజనులైతే తప్ప ఏ పెళ్ళికీ రానని అన్నారు.

ఇందులో మనవాళ్ళ పాత్ర కూడా ఉంది. నాస్తికుడు గోరా గారు తన పెద్ద కుమార్తెను దళిత యువకుడికి ఇవ్వాలనుకున్నారు. సేవాగ్రామ్‌లో తానే దగ్గరుండి జరిపిస్తానని గాంధీ గారు ఒప్పుకున్నారు. నాస్తికుల పెళ్ళి కాబట్టి దేవుడి పేరు బదులు సత్యం పేరు చెప్పడానికి కూడా ఒప్పుకున్నారు. ఆయన వయసు అప్పటికి 76 దాటింది. 1948 జనవరి 30న హత్య జరిగింది. మార్చిలో ఆయన లేకుండానే సేవాగ్రామ్‌లో ఆ పెళ్ళి చేశారు.

నిశాచరి:
మాస్టారూ, ఇది నిజంగా మంచి ఉదాహరణ. కానీ ఆయనంతట ఆయనే వయసొచ్చి మారారంటే అంబేడ్కర్‌కి అన్యాయం. పూనా ఒడంబడిక దగ్గర నుంచీ ఎదురుగా నిలబడి, పత్రికల్లో, పుస్తకాల్లో మాటకి మాట అంటించిన మనిషి ఒకరున్నారు. గోరా గారు కూడా అంతే, ఆశ్రమంలో కూర్చుని దేవుడు లేడని వాదించారు. అలా మొహం మీద చెప్పేవాళ్ళని దగ్గరికి రానిచ్చారు చూడండి, అక్కడ ఉంది అసలు సంగతి. మా ఇంట్లో పెద్దాయన అయితే గ్రూపులోంచి తీసేస్తారు. నన్ను తీసేశారు కూడా.

రిటైర్డ్_హెడ్మాస్టర్:
ఒప్పుకుంటున్నాను. మా రిటైర్డ్ టీచర్ల వాకింగ్ బ్యాచ్‌లో కూడా ఎదురు చెప్పేవాడు ఒక్కడుండేవాడు. ఇప్పుడు అతను వేరే పార్కుకి వెళ్తున్నాడు. మేం హాయిగా ఒకరి మాట ఒకరం ఒప్పుకుంటూ నడుస్తున్నాం.

మోడరేటర్:
ఇప్పటి ముఖ్యమంత్రుల మీద పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. మిగతా చర్చ బాగుంది, కొనసాగించండి.

నిశాచరి:
పాలమూరోడు గారి లెక్క మీద మొదట్లో కోపం వచ్చింది గానీ, నా విషయంలో సరిగ్గా సరిపోయింది. 2019లో ఏపీలో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని చట్టం వచ్చినప్పుడు నేను వైజాగ్‌లో ఇంజనీరింగ్ స్టూడెంట్‌ని. క్లాసులో చప్పట్లు కొట్టిన వాళ్ళలో ముందు వరుస. 2024 జూలైలో కర్ణాటక క్యాబినెట్ అలాంటి బిల్లే ఓకే చేసింది. ప్రైవేటు కంపెనీల్లో స్థానికులకి కోటా అని. అప్పటికి నేను బెంగళూరులో ఉన్నాను. మధ్యాహ్నం అంతా పని లేదు, పీజీలో అమ్మాయిలందరం ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. రెండు రోజుల్లో బిల్లు పక్కన పెట్టారు గానీ, ఆ టెన్షన్‌లో నేను మాట్లాడిన మాటలు వింటే 2019 నాటి నేను కొట్టేది.

దీనికి అరవై ఏళ్ళు అక్కర్లేదు. ఒక బస్ టికెట్ చాలింది.

పాలమూరోడు:
చెల్లే, ఇది ముల్కీనే. పేరు మారింది.

నిశాచరి:
మరి మీరు ఏ వైపు అన్నా? ముల్కీ న్యాయమే అంటే బెంగళూరు బిల్లు కూడా న్యాయమే అనాలి.

పాలమూరోడు:
ముల్కీ న్యాయమే. నిజాం కాలం నుంచి ఉన్న హక్కు, 1956లో ఆంధ్ర, తెలంగాణ నాయకులు చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందంలో మాట ఇచ్చి తప్పిండ్రు. సర్కారు కొలువు వేరు, ప్రైవేటు కొలువు వేరు. ఇది తప్పించుకునే మాట అనిపిస్తే అనిపించనీ, మా తమ్ముడు కూడా బెంగళూరులోనే ఉన్నడు.

డేటాబాబు:
ఒక పోలిక. ముల్కీ కావాలంటే 15 ఏళ్ళ నివాసం. కర్ణాటక బిల్లులో స్థానికుడు కావాలన్నా 15 ఏళ్ళ నివాసమే. కాకపోతే అక్కడ పుట్టి ఉండాలి, కన్నడం చదవడం రాయడం రావాలి.

నిశాచరి:
పుట్టడం నా చేతిలో లేదు. కన్నడం ఆటోవాళ్ళతో మాట్లాడే దాకా వచ్చింది. వచ్చి మూడేళ్ళయింది, ఇంకో పన్నెండేళ్ళు ఇక్కడే ఉంటే నాకు 39. బయటి నుంచి కొత్తగా వచ్చే పిల్లలకి ఉద్యోగాలు ఇవ్వాలా వద్దా అని అప్పుడు అడగండి, ఏమంటానో చూద్దాం.